ఇంజను ఆగాక బావిలో విన్నది

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. మాది క్రైస్తవ కుటుంబం; జ్వరమొచ్చినా మా నాయన తాయెత్తు కట్టనిచ్చేవాడు కాదు. నేను పిల్లలకు సైన్సు పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని. అయినా పందొమ్మిది వందల యాభైల్లో, ఒంటిమిట్టకు దగ్గర్లోని మా ఊళ్ళో, పట్టపగలు, నలుగురి మధ్య విన్నదాన్ని ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

మా చిన్నాయన దానియేలు మద్రాసు నుంచి రంగూను పోయే సరుకుల ఓడలో, ఇంజను గదిలో పనిచేసేవాడు. ఒక చెవి పోగొట్టుకుని ఊరికి తిరిగొచ్చాడు. అదెలా పోయిందో చాలాకాలం చెప్పలేదు. ఒకరోజు వేపపుల్ల నములుతూ తనే మొదలుపెట్టాడు.

ఓడ నిదానించినప్పుడు ఇనుప గోడకు చెవి ఆనిస్తే తిమింగలాల పిలుపులు వినిపించేవట.

"జోరుగా పోతాంటే ఇంజను మోత తప్ప ఇంగేమీ ఉండదు రా. మనకే కాదు, వాటికీ అంతే. తల్లి పిలిస్తే పిల్లకు ఇనపడదు. ఓడ యాడినుంచి వస్తాందో కూడా తెలీదు."

ఒకసారి రేవుకు వచ్చే దారిలో తల్లీపిల్లా దగ్గర్లోనే ఉన్నట్టు విని, కాసేపు నిదానించమని పై అధికారిని బతిమాలాడు. ఆయన పానాతో చెవి మీద కొట్టి, వేగం పెంచమన్నాడు. రేవు చేరాక చూస్తే, ఓడ ముందు కొసకు తల్లి తిమింగలం చచ్చి వేలాడుతోంది. కూలీలు దాని మీదికెక్కి చిందులేశారట.

"పిల్ల ఎంటబడి వచ్చింది. ఇంజను ఆపినాక రెండో చెవితో ఇన్నా" అన్నాడు.

ఇది చెప్పుకున్నందుకు ఊరు ఆయనకు 'తిమింగలం దానియేలు' అని పేరు పెట్టింది. సముద్రం చూసినవాడు ఊళ్ళో ఇంకొకడు లేడు.

ఆ ఏడు వానల్లేవు. సుబ్బారెడ్డి తన పసుపు తోట బావిలోకి, నీళ్ళకు కాస్త పైనున్న గట్టు మీదికి, ఆయిల్ ఇంజను దింపించాడు. పని తెలిసినవాడని చిన్నాయనను దాని మీద పెట్టాడు. చిన్నాయన మధ్యమధ్యలో ఇంజనును నిదానింపజేసి, బావి గోడకు చెవి పెట్టి వినేవాడు. లోపల ఏదో పిలుస్తోందనేవాడు. నేనూ ఒకసారి చెవి పెట్టాను. రాయి చల్లగా తగిలింది, అంతే.

తోటకు నీళ్ళు సరిగా పారడం లేదని రెడ్డి ఆయన్ను ఇంజను బెల్టుతోనే కొట్టాడు. ఇంజను మీద తన బావమరిదిని పెట్టి, ఊట కోసం బావి అడుగున పక్కకు తవ్విన సొరంగంలో పూడిక తీయడానికి చిన్నాయనను దించాడు.

"దాంతో మాట్లాడాలంటాండావు గదా? దగ్గరికే పోయి మాట్లాడుపో."

అక్కడున్నవాళ్ళు నవ్వారు.

మధ్యాహ్నం సంగటి తీసుకుని నేను పోయాను. మట్టి గంపలు లాగేవాళ్ళు తిండికి లేచిపోయారు. మెట్లు దిగి చూస్తే సొరంగం నోరు మట్టితో మూసుకుపోయి ఉంది. పిలిచాను. ఇంజను మోతలో నా గొంతు నాకే వినపడలేదు. ఆపండి, లోపలినుంచి పలుకుతాడేమో వింటానని సైగ చేస్తూ అరిచాను.

రెడ్డి పైనుంచి వంగి చూశాడు. "ఆ మడి తడవనీప్పా. వాడేడికి పోతాడు?"

నేను ఇంజను మీద చెయ్యి వేయబోతే బావమరిది నెట్టేశాడు. చేతులతోనే మట్టి తవ్వుతూ కూర్చున్నాను.

మడి తడిసింది. ఇంజను ఆగింది.

మొదట నా చెవుల్లో హోరనుకున్నాను. కాదు. మట్టి వెనకనుంచి ఒక గొంతు వచ్చింది. బొంగురుగా, మనిషి ఊపిరికి అందనంత పొడుగ్గా సాగింది. నా మోకాళ్ళ చుట్టూ నీళ్ళు వణికాయి. అది ఆగగానే ఇంకా లోతునుంచి, సన్నగా, మరొకటి పలికింది. పైన ఎద్దులు పలుపులు తెంచుకుని పరుగెత్తాయి. తల పైకెత్తితే రెడ్డి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఇంజను ఎయ్యండిరా!" అని కేక పెట్టాడు.

మోత మళ్ళీ మొదలైంది. ఆ మోతలోనే, పైనుంచి దిగొచ్చిన బావులు తవ్వే హుసేను, నేను కలిసి మట్టి తీసి చిన్నాయనను బయటికి లాగాం. చేతివేళ్ళకు గోళ్ళు లేవు. ఒళ్ళు అప్పటికే కట్టెలా బిగుసుకుపోయింది. అంటే, మేము ఆ గొంతు విన్నప్పటికే ఆయన బతికి లేడు.

మునసబు అడిగితే ఎవ్వరూ ఏమీ వినలేదన్నారు. నేను విన్నానంటే, చిన్నాయన పిచ్చి వీడికీ అంటుకుందన్నారు. ఆ పంటకు రెడ్డి పసుపు బాగా పండింది.

నీళ్ళు తగ్గిన రాతి పగుళ్ళలో గాలి ఆడితే అలా మోగుతుందని, చాలా ఏళ్ళ తర్వాత, భూగర్భశాస్త్రం చదివిన స్నేహితుడొకాయన చెప్పాడు. అయ్యుండొచ్చు. ఒకటి ఆగేదాకా ఆగి రెండోది ఎందుకు మోగిందని అడిగితే ఆయన ఇంకో టీ చెప్పాడు.

సమాధి చేసి ఇంటికొచ్చిన సాయంత్రం చిన్నమ్మ నన్ను గోడ పక్కకు పిలిచింది.

"నాయనా, మీ చిన్నాయన ఏమన్నా పిల్సినాడా?"

"ఇంజను నడస్తా ఉండె చిన్నమ్మా. ఏమీ ఇనపల్లేదు."

"మరి ఆపినాక?"