నల్లగోడ మీద మామిడితోట

మా డ్రాయింగ్ మేడం పోయారని ఆదివారం చర్చి మైకులో చెప్పారు. బయటికి రాగానే, తోట నరికించి ప్లాట్లు వేసిన ఆసామి ఎదురై, ఇంక ఆ గోడ సినిమా ఆగిపోయినట్టేగా అన్నాడు. ఏడుపు కంటే ముందు నాకు ఒళ్లు మండింది.

చాట్రాయి రోడ్డు పక్కన ఆ ప్లాట్ల చోట చిన్నరసాల మామిడితోట ఉండేది. మేడం ఏటా అదే గట్టు మీద, అదే రాయి పక్కన కెమెరా పెట్టి వీడియో తీసేవారు. పూత, మంచు, కాయ, కోత, వాన. చివరి ఏడాది రంపాలు కూడా తీశారు. ప్రహరీ గోడ లేచాక, చీకటి పడగానే టీకొట్టు నుంచి వైరు లాగి, ఆ తోటను దాని చోటులోనే గోడ మీద వేయడం మొదలుపెట్టారు. ప్రొజెక్టరు నడిపేది ఆమె పాత విద్యార్థినైన నేను. ఇందులో కథేంటండీ అని ఎవరో మేడంని అడిగారు.

"పూత వచ్చింది, కాయ దిగింది, చెట్టు పోయింది. ఇంకేం కథ కావాలండీ మీకు?"

సిటీ గ్యాలరీ వాళ్లు పిలిచినా వెళ్లలేదు. తోట ఉన్నచోటే చూపించాలని ఆమె పట్టు. మొండిమనిషి. టీలో పంచదార ఎక్కువైతే గ్లాసు వెనక్కి పంపేవారు. మేం ఏదో ఒక చెట్టు గీసి ఇస్తే కాగితమూ అలాగే వెనక్కి వచ్చేది. ఏ చెట్టో చూసి గీయమనేవారు. నాకు చూడటం నేర్పింది ఆమే.

ప్లాట్లు కొనేవాళ్లు ఆ బొమ్మ చూసి వెనక్కి పోతున్నారని ఆసామి గోడకు నల్లరంగు కొట్టించాడు. నల్లగోడ మీద బొమ్మ నిలవదు. ఇక అయిపోయిందనుకున్నాను. మేడం వెళ్లి గోడ ముందు నిలబడి తెల్లచీర కొంగు రెండు చేతులా పరిచారు. కొంగు నిండా పూత.

"మనుషులకి కూడా రంగు కొట్టిస్తాడా ఏంటి?" అని నవ్వారు.

సోమవారం సాయంత్రం సమాధి కార్యక్రమం అయ్యాక ఎవరూ ఇళ్లకు వెళ్లలేదు. తెల్లబట్టల్లోనే వచ్చి గోడ పొడవునా భుజాలు ఆనించుకుని నిలబడ్డారు. చీకటి పడ్డాక నేను ప్రొజెక్టరు వేశాను. పాస్టరు గారి చొక్కా మీద, మేడం చెల్లెలి చీర మీద కొమ్మలు కదిలాయి. ఆసామి కారు దిగి వచ్చి, ఏంటిదంతా అని కేకలేశాడు.

"సినిమా ఆగలేదండీ" అన్నాను.

ఆపిద్దామని వెలుగుకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. ఆయనదీ ఇస్త్రీ తెల్లచొక్కాయే. విరగకాసిన కొమ్మ ఒకటి ఆయన గుండెల మీద ఊగుతోంది.