పల్లం చూసి ఆపిన బండి

సోమవారం మాచర్ల నుంచి మనిషి వచ్చి మా మోటారు సైకిలు తోలుకుపోతాడు. బేరం కుదిరిపోయింది. అందుకని శనివారం నాడు ఆ బండి మీదే నరసింహస్వామి కొండకి పోయి నా మొక్కు తీర్చుకుని వద్దామన్నారు మా ఆయన. "బండి ఉన్నప్పుడే పోయొద్దాం. తర్వాత బస్సులు మారి, దిగినకాడి నించి నడిచి, నీ వల్ల కాదు," అన్నారు. నా వల్ల కాకపోవటం కాదు, ఆయనకి చివరిసారి తోలాలని ఉంది. ఆ మాట పైకి చెప్పే మనిషి కాదు.

ఎనభైల నడుమ సంగతి ఇది. గురజాల దగ్గర మా ఊరు. మా ఆయన నాపరాళ్ళ క్వారీల చుట్టూ తిరిగి, ఎక్కడ మంచి రాయి పడుతోందో చూసుకుని, లారీలకి లోడు కుదిర్చేవారు. క్వారీల్లోకి బస్సు పోదు. బండి ఉంటేనే ఆ పని. వానాకాలం చివర్లో ఒకనాడు లారీలోకి ఎక్కిస్తున్న బండ జారి ఆయన కుడికాలి మీద పడింది. మోకాలి కింద ఎముక విరిగింది. నాటువైద్యుడు వెదురుబద్దలు పెట్టి కట్టు కట్టాడు. ధనుర్మాసంలో ఆ కట్టు విప్పి, ఎముక అతికింది, ఇక భయం లేదు అన్నాడు. భగవంతుడి దయవల్ల నడక వచ్చింది. పొలం గట్ల మీద కూడా బాగానే నడిచేవారు.

కిక్కు మాత్రం ఆ కాలికి లొంగలేదు. రోజూ పొద్దున్నే బండి వాకిట్లోకి తీసి, సగందాకా తొక్కి, ముఖం ముడుచుకుని వదిలేసేవారు. ఇంజను ఒకసారి దగ్గి ఊరుకునేది. ఎక్కడ నొప్పి అని అడిగితే "కాల్లో" అనేవారు. అంతకుమించి చెప్పేవారు కాదు. ఒకరోజు గడప మీద కూర్చుని, "కాల్లో పస పోయిందే. అతికింది గానీ బలం రాలా. ఇంక రాదు," అన్నారు. ఆ మర్నాడే మాచర్ల కబురు పెట్టారు. బండి పోతే పని పోతుంది. ఎద్దుల బేరానికో, ఎవరి కొట్లోనైనా గుమాస్తాగానో కుదురుకోవాలి. ఆ వయసులో ఇంకొకరి కింద కూర్చోవటం ఆయన వల్ల అయ్యే పని కాదని ఇద్దరికీ తెలుసు.

మా పుట్టింటి వైపు మొక్కుల్లో ఒక పద్ధతి ఉంది. కంటికోసం మొక్కితే కాటుక మానేవారు, కాలికోసం మొక్కితే చెప్పు మానేవారు. ఎవరికి జబ్బు చేస్తే వాళ్ళే మానాలి. ఆయన్ని మంచం మీద పడుకోబెట్టి మోసుకొచ్చిన రోజున నేను దేవుడి గూటి ముందు నిలబడి, "నరసింహస్వామీ, ఆయన నడిచి నీ కొండ ఎక్కిందాకా ఆ పాదాలకి చెప్పు తొడగనివ్వను," అనుకున్నాను. ఆయనకి ఇలాంటివాటి మీద పెద్ద పట్టింపు లేదు. అయినా నా మాట కాదనలేదు. అప్పటి నుంచి ఉత్త కాళ్ళతోనే తిరిగారు.

మా వీధి కాలవ వైపు పల్లంగా ఉంటుంది. ఆ శనివారం పొద్దున పక్కింటి బావగారు వెనకనించి ఒక్క తోపు తోస్తే బండి దొర్లుకుంటూ పోయి, గేరు పడి ఇంజను అందుకుంది. నేను వీధి చివరిదాకా నడిచి ఎక్కాను. మా అత్తగారు వెనకాలే వచ్చారు.

"ఏమే, కొంగు దోపుకో, చక్రంలో పడుద్ది. ఒరేయ్, నువ్వు నిదానంగా పో. చివరిసారని చెప్పి గాల్లో తోలబాక," అన్నారు.

"చివరిసారని ఎవరన్నారే అమ్మా," అన్నారు ఆయన. ముందుకే చూస్తూ అన్నారు.

మాచర్ల రోడ్డు వదిలేసి కారెంపూడి మీదుగా దుర్గి వైపు పొలాల మధ్య దారులు పట్టుకున్నాం. ఒళ్ళో కొబ్బరికాయల సంచి, ఒక చెయ్యి ఆయన భుజం మీద. మాఘమాసపు ఎండ ఇంకా ముదరలేదు. మిరపకాయ కల్లాలకి వచ్చింది. ఎటు చూసినా నల్లరేగడి మీద ఎర్రటి దుప్పట్లు పరిచినట్టు ఎకరాల కొద్దీ కాయ ఎండుతోంది. గాలి మా వైపు తిరిగినప్పుడల్లా ఇద్దరం తుమ్మేవాళ్ళం. ఆయన తుమ్మితే బండి ఒక పక్కకి పోయేది, నేను స్వామి నామం అందుకునేదాన్ని. కోసేసిన పత్తి కట్టెలు, కందిచేలు, అక్కడక్కడ పసుపుపచ్చగా తంగేడు. తర్వాత సాగరు కుడికాలవ కట్ట ఎక్కాం. నిండుగా పారుతున్న నీళ్ళ పక్కన అంత దూరం ప్రయాణం చేయటం నాకు అదే మొదలు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఇద్దరమే ఇలా బయలుదేరింది లేదు. స్వామి ఏ కారణం పెట్టి పంపినా, పంపాడు కదా అనుకున్నాను.

కారెంపూడి దాటాక మంచినీళ్ళకి ఆగాం. ఆయన బోరింగు దగ్గర ఆపలేదు, దాన్ని దాటిపోయి వాగుకి దిగే చోట ఆపారు. కాలవ కట్ట మీద కాసేపు ఆగినప్పుడు కూడా అంతే, కట్ట దిగే వాలు మీద ముందుచక్రం కిందికి పెట్టి ఆపారు. మూడోసారి చింతచెట్ల నీడ వదిలేసి ఎండలో ఒక మిట్ట మీదికి పోయి ఆపేసరికి నాకు అర్థమైంది. ఆయన ఆగటానికి నీడ చూడటం లేదు, నీళ్ళు చూడటం లేదు, పల్లం చూస్తున్నారు. మళ్ళీ కిక్కు కొట్టే అవసరం రాకూడదని. చూడనట్టే కూర్చున్నాను.

దుర్గి ఇంకా రాకముందు ఒక గొర్రెల మంద అడ్డం వచ్చింది. బ్రేకు వేసేసరికి ఇంజను ఆగిపోయింది. చుట్టూ అరచెయ్యిలా చదునైన నేల. ఆయన ఒకసారి తొక్కారు. రెండోసారి తొక్కి, పళ్ళు బిగపట్టి, దిగారు.

"తోస్తా, దిగు," అన్నారు.

"మీరు ఎక్కి కూర్చోండి, నేను తోస్తాను," అన్నాను.

సంచి గట్టు మీద పెట్టి వెనక పట్టుకుని తోయటం మొదలుపెట్టాను. పక్క చేలో మిరపకాయ కోస్తున్న ఆడవాళ్ళు నడుములెత్తి చూశారు.

"ఏమన్నో, వదిన్ని ఊరేగిస్తన్నావనుకున్నాం. తోయించుకోటానికా తెచ్చింది?" అంది ఒకామె.

"ఉండవే, ఇంట్లో సంసారమంతా వదినే తోస్తంటది, ఇదొక లెక్కా ఆమెకి," అంది ఇంకొకామె. అందరూ నవ్వారు. నాక్కూడా నవ్వొచ్చింది. వాళ్ళలో ఒక పెద్దామె మాత్రం కాయల గంప దించి, "నవ్వింది చాల్లే. రాండి, నలుగురం నెడదాం. చానా దూరం పోయేవాళ్ళ మాదిరున్నారు," అంది.

నలుగురూ కలిసి నెడితే బండి అందుకుంది. నేను గట్టు మీది సంచి అందుకుని, వాళ్ళకి దణ్ణం పెట్టి పరిగెత్తి ఎక్కాను. ఆయన మెడ మీద చెమట పట్టి ఉంది. దూరాన కొండలు కనిపించాయి.

"సోమవారం అతను పొద్దున్నే వస్తే బాగుండు," అన్నారు అప్పుడు. "తీసకపోతే పీడా పోద్ది. ఆడోళ్ళు నెట్టే బండెక్కి క్వారీకి పోతే ఎవడు మాట వింటాడు?"

నేను సంచి సర్దుకుని, ఆయన భుజం మీద మళ్ళీ చెయ్యి వేశాను.

నల్లమల తోక మా వైపుకి వచ్చి ఆగే చోట ఉంది ఆ కొండ. దూరాన్నించి బూడిదరంగుగా కనపడి, దగ్గరకొచ్చేకొద్దీ పచ్చబడి, కింద మోదుగుపూలతో నిప్పంటుకున్నట్టు కనిపించింది. పొలాలు అక్కడితో అయిపోతాయి. కొండ కింద విశాలమైన ఇసక మైదానం. ఆయన పల్లం కోసం చుట్టూ చూశారు. లేదు. చేసేది లేక ఒక వేపచెట్టు కింద స్టాండు వేశారు.

మెట్లు లేవు, బండల మీద కాలిబాట. నేను సగంలోనే ఆయాసపడి కూర్చున్నాను. ఆయన మాత్రం ఆగలేదు. పెద్ద పెద్ద బండల మీదికి కుడికాలే ముందు పెట్టి, దాని మీదే బరువు మోపి ఎక్కుతున్నారు. నాకోసం వెనక్కి వచ్చి, చెయ్యి పట్టుకుని లాగారు. నన్ను పైకి లాగిన బలం కూడా ఆ కాలిదే. కింద నించి చూస్తూ అనుకున్నాను, ఇంత కొండ ఎక్కే కాలు అంత చిన్న ఇనపముక్కని ఎందుకు తొక్కలేకపోతోంది అని. తెలియలేదు. స్వామికి వదిలేశాను.

పైన చిన్న గుహ. వంగి పోవాలి. పూజారి ముసలాయన కాయ కొట్టి, మా ఆయన కాలికి తీర్థం చల్లి, "అయిందమ్మా, మీ మొక్కు చెల్లింది. ఇక ఈయన మామూలుగా ఉండొచ్చు," అన్నారు. స్వామిని నేను అడగాల్సినవి చాలా ఉన్నాయి. పని గురించి అడగాలి, బండి గురించి అడగాలి. కళ్ళు మూసుకుంటే ఒక్కటీ నోటికి రాలేదు. మంచం మీద మోసుకొచ్చిన మనిషి నా పక్కన రెండు కాళ్ళ మీద నిలబడి ఉన్నాడు. దానికి దణ్ణం పెట్టుకుని బయటికి వచ్చేశాను. బయట గాలి చల్లగా ఉంది. కింద కాలవ వెండితీగలా మెరుస్తోంది, దానికి అటూ ఇటూ మిరపకల్లాలు కుంకం బొట్లలా ఉన్నాయి. ఆయన చాలాసేపు అటే చూశారు. ఆ చూపుతో క్వారీలు వెతుకుతున్నారని నాకు తెలుసు.

కిందికి దిగాక, మొక్కు చెల్లాక తొడగాలని బండి వెనక కట్టుకొచ్చిన ఆయన చెప్పులు విప్పి ముందు పెట్టాను. క్వారీ పనికని ప్రత్యేకంగా కుట్టించుకున్నవి, టైరు అట్ట వేసిన మోటు తోలుచెప్పులు. కాళ్ళు దులుపుకుని తొడుక్కున్నారు. మనుషులెవరూ కనపడలేదు. తోయటానికి నేనొక్కదాన్నే, కింద చూస్తే ఇసక. నేను కొంగు దోపుకుని వెనక్కి పోయాను.

"ఆగు, ఇసకలో నీవల్ల యాడయిద్ది," అని విసుగ్గా కిక్కు మీద కాలు వేసి తొక్కారు.

బండి స్టార్టయింది.

ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. ఆయన ఇంజను ఆపేశారు. మళ్ళీ తొక్కారు. మళ్ళీ అందుకుంది. మూడోసారి ఆపి, బండి దిగి, కుడికాలి చెప్పు విడిచి పక్కన పెట్టారు. ఉత్తపాదం కిక్కు మీద వేసి తొక్కారు. సగంలో ముఖం ముడుచుకుపోయింది. వదిలేశారు. చెప్పు తొడుక్కుని తొక్కారు. స్టార్టయింది.

"నొప్పెక్కడ?" అన్నాను.

ఆయన చెప్పు విడిచి అరికాలు తిప్పి చూసుకున్నారు. మధ్యలో ఎర్రటి గీత. "ఇక్కడ," అన్నారు. "అరికాల్లో. ఎముకలో కాదే. బండ మీదైతే పాదమంతా ఆనుద్ది, ఆ ఇనపకమ్మీ అరికాల్లో దిగతంది. మంచంలో పడుండి పాదం మెత్తబడింది. అందుకని పూర్తిగా తొక్కలేక వదిలేస్తన్నా."

"మరి ఇన్నాళ్ళూ కాల్లో అన్నారే."

"పాదం కాల్లోది కాదా? విరిగిన కాలు నొప్పి పుడితే విరిగినకాడే అనుకుంటాం గానీ, అరికాలని ఎవడనుకుంటాడు?" అని, చెప్పు వంక చూసి, "మీ సామి నా చెప్పులు దాచిపెట్టి నన్నింత ఏడిపిచ్చాడేందే," అన్నారు.

నవ్వటం మొదలుపెట్టింది ఎవరో గుర్తులేదు. వేపచెట్టు కింద ఇసకలో కూర్చుని, కడుపు పట్టుకుని, కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వాం. నా కళ్ళనీళ్ళు మాత్రం నవ్వు ఆగిపోయాక కూడా ఆగలేదు. మొక్కినందుకు నేను బాధపడలేదు. ఆ మొక్కే మమ్మల్ని ఆ కొండకి తెచ్చింది, ఆ కొండ ఎక్కటం చూశాకే ఆ కాలికి ఏమీ కాలేదని నాకు తెలిసింది. చెప్పులకి ఎంత, స్వామికి ఎంత అని నేను ఎప్పుడూ పంచి చూడలేదు. రెండింటికీ కలిపే దణ్ణం పెట్టుకున్నాను.

"సోమవారం అతనికి ఏం చెబుతారు?" అన్నాను.

"మజ్జిగిచ్చి పంపించు. బండి ఇవ్వట్లా అని చెప్పు," అన్నారు. "నువ్వే చెప్పు. నాకు పొద్దున్నే క్వారీకి పోయే పనుంది."

తిరుగుదారిలో పొద్దు వాలింది. కొండల నీడ మాకంటే ముందు పొలాల మీదికి పరుచుకుంటూ పోతోంది. కల్లాల దగ్గర మంచుకి కాయ మీద పట్టాలు కప్పుతున్నారు. ఇంటిదగ్గర గేదెలు పాలకి అరుస్తుంటాయి, అత్తగారు వీధిలో నిలబడి ఎదురుచూస్తుంటారు. అది ఆయనకీ తెలుసు. అయినా కాలవ కట్ట మీద చదునుగా ఉన్న చోట ఏ కారణం లేకుండా బండి ఆపారు. ఇంజను కట్టేశారు. నీళ్ళ చప్పుడు వినపడింది.

"ఎందుకాపారు?" అన్నాను.

"ఊరికే," అన్నారు.

ఒక్క తొక్కు తొక్కారు. బండి అందుకుంది. కొంతదూరం పోయాక మళ్ళీ చదును చూసి ఆపారు. ఈసారి నేను అడగలేదు. ఇంటికి చేరేదాకా ఆయనకి తోచిన ప్రతిచోటా ఆపనిచ్చాను.