బాపు ఎడమ బూటు

తంగేడు పూలను సత్తు గిన్నెలో ఉడకబెడితే ఇంట్లో ఎవరికో పథ్యం నడుస్తున్నట్టు వాసన వస్తుంది. సెంటినరీ కాలనీలోని మా క్వార్టరులో ఆ వాసనకు కారణం నేను. ఉడికిన నీళ్లను గుడ్డలో వడగట్టి, పటిక కలిపి, తుమ్మ బంకతో చిక్కబరిస్తే పసుపు రంగు తయారవుతుంది. దాన్ని కాగితం మీద పొరలు పొరలుగా పూసేవాణ్ని. బొమ్మంటూ ఏమీ ఉండేది కాదు. హైదరాబాదులో బొమ్మల కాలేజీ చదివొచ్చినవాడు కనీసం ఒక నెమలినైనా వేయడం లేదని కాలనీలో నా మీద జాలి ఉండేది.

ఓసారి మా బాపు, అంటే నాన్న, ఒక కాగితం ముందు నిలబడి ఇదేంది అన్నాడు. ఏం కాదు బాపూ అన్నాను.

"ఏం కానిదానికి మూడు దినాలెందుకు పట్టింది?"

నా పని మీద ఇప్పటిదాకా వచ్చిన విమర్శల్లో నేను రాసి పెట్టుకున్నది అదొక్కటే.

బాపుది ఓపెన్‌కాస్టులో, పైనుంచి తవ్వే బొగ్గు గనిలో, బ్లాస్టింగ్ సెక్షన్. డ్రిల్లు వేసిన రంధ్రాల్లో పేలుడు మందు నింపడం ఆయన డ్యూటీ. మధ్యాహ్నం సైరన్ మోగుతుంది. భూమి ఒకసారి ఒళ్లు దులుపుకుంటుంది, అల్మారాలో గిన్నెలు కదులుతాయి, కాసేపటికి కాలనీ మీద సన్నటి దుమ్ము దిగుతుంది. సైరన్ వినగానే అమ్మ తీగ మీది బట్టలతో పాటు నా తడి కాగితాలు కూడా లోపలికి తెచ్చేది. ఒకరోజు ఆమె నస్పూర్‌లో చుట్టాలింటికి పోయింది, నేను పడుకున్నాను. లేచి చూస్తే దుమ్ము బంకలో కూరుకుపోయి, పసుపు కాస్తా బూడిద కలిసిన ఆకుపచ్చ అయి కూర్చుంది. తుడిస్తే పోలేదు. వేరేవి లేక, హైదరాబాదుకు అవే పట్టుకెళ్లాను.

అక్కడ గ్యాలరీ నడిపే మేడం ఒక కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చాలాసేపు చూసింది. ఈ షేడ్ ఎలా వచ్చిందని అడిగింది. ప్రాసెస్ అండీ అన్నాను. దీపావళి తర్వాత పెట్టే ప్రదర్శనలో ఒక గోడ మొత్తం నాకే ఇస్తానంది. ఇవి చిన్నవి, సరిగ్గా ఇదే రంగులో పెద్దవి పన్నెండు కావాలి, దసరా దాటిన వారంలో అందాలి.

ఆ గోడ నాకు చాలా అవసరం. ఎందుకంటే మా టీవీ మీద ఫిట్టర్ కోర్సు ఫారం ఒకటి ఉండేది. దీపావళి దాకా నా ఇష్టం, అప్పటికి బొమ్మలతో దారి దొరక్కపోతే బాపు ఇష్టం అని మా ఇద్దరికీ ఒప్పందం. నా పేరు, పుట్టిన తేదీ ఆయనే నింపి పెట్టాడు. సంతకం ఒక్కటే మిగిలింది.

తంగేడు బాగా పూసిన రోజులు. సంచి నిండా కోసుకొచ్చాను. అప్పుడే తెలంగాణ కోసం సమ్మె మొదలై గనులన్నీ ఆగిపోయాయి.

సైరన్ లేదు, దుమ్ము లేదు. అమ్మ ఏళ్ల నాటి తెల్ల దుప్పట్లన్నీ తీసి ఉతికింది, అవి తెల్లగానే ఆరాయి. నా కాగితాలు పసుపుగానే ఆరాయి. కొత్త ఆటో నంబరు ప్లేటు లాంటి పసుపు. వంక పెట్టడానికి ఏమీ లేదు, అదే వంక.

ఒకచోట కూర్చోలేకపోయేవాణ్ని. రోజుకు పదిసార్లు క్వార్టర్ల లైను చివరిదాకా నడిచి, ఓపెన్‌కాస్టు దిక్కు చూసి తిరిగొచ్చేవాణ్ని. ఎవరైనా అడిగితే గాలి కోసం అనేవాణ్ని. గాలి నిజంగానే బాగుండేది. నా బాధంతా దానితోనే.

ఆగలేక బొగ్గు నూరి, చాయ్ జాలితో తడి కాగితం మీద జల్లాను. మిరియాల పొడి వేసిన ఆమ్లెట్ తయారైంది. రోడ్డు దుమ్మైనా పడుతుందేమోనని ఒక తడి కాగితాన్ని సైకిలుకు కట్టి కమాన్‌పూర్ రోడ్డు మీద అరగంట తొక్కాను. లారీలు లేని రోడ్డు. ఒక దోమ అంటుకుంది. మేడం ఫోన్ చేసి ఆలస్యం ఎందుకంటే సమ్మె అని చెప్పాను. మీరు కూడా కుంచె ఆపేశారా అంది ఆవిడ, ఎంతో గౌరవంగా. కాదనకుండానే ఫోన్ పెట్టేశాను.

బాపు సమ్మె టెంటు నుంచి ఇంటికి రాగానే, ఎప్పుడైపోతుందని రోజూ అడిగేవాణ్ని. కొడుక్కి ఇన్నాళ్లకు ఉద్యమం పట్టిందని ఆయన పొంగిపోయి, ఒకరోజు నన్ను టెంటుకు తీసుకెళ్లాడు. పిలగాడు పొద్దస్తమానం సమ్మె గురించే ఫికర్ చేస్తున్నడని అందరికీ చెప్పాడు. వాళ్లు జరిగి చోటిచ్చారు. ఒక కాక నా చేతిలో చాయ్ పెట్టాడు. జీతాలు ఆగిన మనుషుల మధ్య కూర్చుని, ఇది రేపే ఆగిపోతే బాగుండునని కోరుకుంటూ ఆ చాయ్ తాగాను. చక్కెర సరిపోయింది.

తిరిగొచ్చేటప్పుడు దారిలో చెప్పేశాను. దుమ్ము కోసం ఎదురుచూస్తున్న బాపూ అని.

ఆయన నాలుగడుగులు వేసి ఆగాడు. "గందుకేనా రోజు అడుగుడు?"

"గందుకే."

"నేను అందరి ముంగట నీ గురించి గొప్పలు చెప్పుకుంటి."

మిగతా దారంతా నాకంటే ముందు నడిచాడు. లోపలికి వచ్చాక ఆమ్లెట్ కాగితాన్ని తీసుకుని గోటితో గీకి చూశాడు.

"ఏం జల్లినవ్ దీని మీద?"

"బొగ్గు."

"మనింటి మీద పడేది బొగ్గనుకున్నవా? బొగ్గు మీద రాయి ఉంటది. మేం పేల్చేది గా రాయిని. పడేది దాని పొడి."

చిన్నప్పటి నుంచి ఆ దుమ్ము తిని పెరిగినవాణ్ని. రంగు తెలియకపోతే పోయింది, రుచైనా తెలియాలి కదా.

గని దగ్గరికి వెళ్లి ఒక డబ్బాడు పొడి తెచ్చుకుంటానన్నాను. సమ్మె అయ్యేదాకా మన ఇంటోళ్లెవరూ ఆ గేటు దాటొద్దన్నాడు. ఆ మాట మీద ఇంకో మాట లేదు. అలా అంటూనే తలుపు వెనక నుంచి తన డ్యూటీ బూట్లు తెచ్చాడు. ఆఖరి షిఫ్టు తర్వాత కడగనివి. పాత పేపరు పరిచి, ఎడమ బూటు దులిపి, అడుగు గాట్లలో ఎండిన పొడిని స్క్రూడ్రైవరుతో గీకాడు. రెండు చెంచాలు వచ్చింది. కుడిదో అన్నాను.

"కుడిది బురదల దిగింది. పనికిరాదు."

నన్ను స్టూలు ఎక్కించి, ఎంత ఎత్తు నుంచి వదలాలో కూడా ఆయనే చెప్పాడు. పొడి ఒక్క కాగితానికి సరిపోయింది. రంగు వచ్చింది.

మేడంకు ఆ ఒక్కటీ, పసుపువి పదకొండూ పంపాను. పదకొండూ వెనక్కి వచ్చాయి. గోడ ఇంకెవరికో పోయింది. నాకు మెట్ల పక్కన ఒక మేకు దక్కింది.

సమ్మె ముగిసి డ్యూటీలు మొదలయ్యాక, బాపు సెలవు రోజున నాతో ప్రదర్శనకు వచ్చాడు, పెండ్లిళ్లకు తొడిగే తెల్ల అంగీలో. మేడం ఆయన్ని కాగితం ముందు నిలబెట్టి, ఇందులో మీకేం కనిపిస్తోంది అని అడిగింది.

"నా ఎడమ బూటు, మేడం."

ఆవిడ కళ్లు మూసుకుని తలూపింది. ఎంత లోతుగా చూశారండీ అంది. బాపు నా వైపు చూశాడు. నేను మెట్ల వైపు చూశాను.

తిరుగు రైల్లో నా కాళ్లు ఒకచోట నిలవలేదు. కిటికీ దగ్గరికి, తలుపు దగ్గరికి తిరుగుతూనే ఉన్నాను. దీపావళి వెళ్లిపోయింది, గోడ రాలేదు, ఇక సంతకమే. పెద్దపల్లి స్టేషను వస్తుండగా బాపు లేచి సంచి భుజానికి వేసుకున్నాడు.

"రేపు బ్లాస్టింగ్ ఉన్నది. కాగితాలు తీగ మీదనే ఉంచు. బట్టలొక్కటే తియ్యమని మీ అమ్మకు జెప్త."

మరునాడు సైరన్ మోగింది. అమ్మ బట్టలన్నీ చంకలో వేసుకుని, కాగితాల దగ్గర ఆగి, వాటిని ముట్టుకోకుండా లోపలికి వచ్చింది. తలుపు తెరిచే ఉండడంతో టీవీ మీద సంతకం లేకుండానే ఉన్న ఫారం మీద కూడా దుమ్ము పడింది. దానికి రంగు పట్టలేదు. బంక పూయలేదు కదా.