వల విప్పే రోజు

మా అమ్మకు ముప్పై అయిదేళ్లు నిండకముందే గర్భసంచి తీసేశారు. మా రాచర్ల వైపు అదేమీ వింత కాదు. కడుపునొప్పి అని వెళ్లి అట్లా తిరిగొచ్చిన ఆడవాళ్లు ప్రతి వీధిలోనూ ఉన్నారు. అందుకే అరవై దగ్గరపడ్డాక కింద ఏదో జారుతోందని అమ్మ చెప్పినప్పుడు, సంచే లేకపోతే జారడానికి ఇంకేం మిగిలిందని నవ్వాను. అప్పటికే ఆమె రెండేళ్లుగా లోపల గుడ్డ బిగించి కట్టుకుని గొర్రెల వెంట తిరుగుతోందట. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది.

ఇంట్లో చదువుకున్నదాన్ని నేనొక్కదాన్నే. ఫారాలు నింపడం, డాక్టర్లతో మాట్లాడటం నా వంతు. అది నాకు కాస్త గొప్పగా కూడా ఉండేది. ఒంగోలులో డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పింది. సంచి తీసేసిన కొందరికి యోని పైభాగమే కిందికి జారుతుందని, దాన్ని పైకి లాగి, మెష్ అనే సన్నటి వలతో వెనక ఎముకకు కట్టి నిలబెడతామంది. చాలామందికి హాయిగా ఉంటుందని, కొందరికి మాత్రం మెష్ అంచు బయటపడి రక్తం, నొప్పి రావచ్చని, ఒకసారి వేశాక అది జీవితాంతం లోపలే ఉంటుందని చెప్పింది. అన్నీ విన్నాను. బయట బల్ల మీద కూర్చున్న అమ్మతో మాత్రం, జారకుండా లోపల వల కడతారంట అని చెప్పి ఊరుకున్నాను. మిగతాది వింటే భయపడి బస్సెక్కేస్తుందని నా లెక్క. వలే కదా అని అమ్మ వేలిముద్ర వేసింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. జారడం ఆగిపోయింది. మూడు నెలలయ్యాక అమ్మ మళ్లీ మంద వెంట నడిచింది. ఇన్నాళ్లూ ఎందుకు ఓర్చుకున్నానా అని మా పిన్ని దగ్గర వాపోయింది కూడా. ఆ ఏడాదంతా నేను చాలా తెలివైనదాన్ని.

ఆ తర్వాత ఒకరోజు ఆమె చీర మీద మరక చూశాను. నిలదీస్తే, ఆర్నెల్లుగా రక్తం చుక్కలు చుక్కలుగా కనబడుతోందని, కూర్చుంటే గుచ్చుకుంటోందని ఒప్పుకుంది. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అరిచాను. ఆమె నెమ్మదిగా నన్నే అడిగింది.

"వల ఎప్పుడు విప్పుతారంట అమ్మీ? వాళ్లే పిలుస్తారని చూస్తా ఉండా."

నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. మేము గొర్రెలు కాసేవాళ్లం. పంట కోసిన చేలల్లో ఎరువు కోసం మందను నిలుపుతాం. చుట్టూ కర్రలు పాతి వల కట్టి, నాలుగు రోజులకు విప్పి పక్క చేనుకు మోసుకుపోతాం. కట్టి విప్పకుండా వదిలేసిన వలను అమ్మ పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. లోపల గట్టిపడ్డాక డాక్టరమ్మ పిలిచి విప్పేస్తుందని, ఆలస్యమైంది కాబట్టే గుచ్చుకుంటోందని అనుకుంది. ఫోన్ మోగిన ప్రతిసారీ ఆసుపత్రి నుంచేమోనని చూసేదట.

ఈసారి అమ్మను లోపలికి తీసుకెళ్లి, ఏం చెప్పినా ఆమెకే చెప్పమన్నాను. మెష్ అంచు కొంచెం బయటపడిందని, మొదట మందు రాద్దామని, తగ్గకపోతే ఆ ముక్క కత్తిరిద్దామని డాక్టరమ్మ చెప్పింది. మెష్ కన్నాల్లోంచి కండ అల్లుకుపోయింది కాబట్టి మొత్తం తీయడం కష్టమంది. తీస్తే మళ్లీ జారుతుందా అని అమ్మ అడిగింది. జారవచ్చంది. అయితే ఉండనీ అంది.

మందుతో తగ్గలేదు. ఆ ముక్క కత్తిరించాక రక్తం ఆగింది. నేల మీద ఎక్కువసేపు కూర్చుంటే మాత్రం ఇప్పటికీ సలుపుతుంది, పీట వేసుకుంటుంది.

కత్తిరించి ఇంటికి పంపిన రోజు, బస్సు మార్కాపురం దాటాక, ఇదంతా డాక్టరమ్మ మొదటిసారి వెళ్లినప్పుడే చెప్పిందా అని అమ్మ అడిగింది. చెప్పిందని, నేనే దాచానని చెప్పాను. నొప్పంతా నా నెత్తిన వేసి తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననీ అనిపించింది. అమ్మ కిటికీలోంచి కంది చేల వైపు చూసింది.

"చచ్చేదాకా లోపలే ఉంటాదని తెలిసినా నేను సరే అనేదాన్నే అమ్మీ," అంది. "ఆ మాట నన్ను అననిచ్చి ఉండాల్సింది."