జానా నాలుగు వేళ్ళ బ్యాటరీ

ఆ రోజుల్లో మా వైపు డిగ్రీ పాసైనవాణ్ణి ఏం చదివావని ఎవరూ అడిగేవారు కాదు. పాసయ్యాడా, చాలు. నాది బీఏ హిస్టరీ. మా వంశంలో అంతకుముందు హైస్కూలు గడప దాటినవాళ్ళు లేరు కాబట్టి, రిజల్టు వచ్చిన రోజు నుంచి డాక్టరూ నేనే, ప్లీడరూ నేనే, ఇంజనీరూ నేనే. పక్కింటి గేదె మేత మానేస్తే నన్నే పిలిచారు. (వెళ్ళాను. నాలుక చూశాను. గేదె కూడా మర్యాదగానే నిలబడింది.) నేనూ తక్కువ తినలేదు. బస్సులో కండక్టరు టిక్కెట్టు అనగానే "కొవ్వూరు ఒకటండి, డిగ్రీ పాసయ్యానండి" అనేవాణ్ణి.

సరిగ్గా అప్పుడే మా కారు బ్యాటరీ చచ్చిపోయింది. కారంటే ఏదో అనుకోకండి, ఓ రైసుమిల్లు ఆయన వదిలించుకుంటుంటే నాన్న తెచ్చుకున్నది, వయసులో నాకంటే పెద్దది. వీధిలోవాళ్ళంతా తోస్తే స్టార్టయ్యేది, తోసినవాళ్ళు మలుపు దాకా ఎక్కేవారు. అదో సరదా. చిక్కల్లా మా మామ్మతో వచ్చింది. మామ్మకి రెండు కళ్ళలోనూ శుక్లాలు, మనుషుల్ని గొంతు విని పోల్చుకునేది. మద్రాసు నుంచి పెద్ద కంటి డాక్టరొచ్చి రాజమండ్రిలో ఒక్కరోజు ఆపరేషన్లు చేస్తారని తెలిసి నాన్న ఆవిడ పేరు రాయించాడు. మామ్మకి బస్సు పడదు, వాంతులు. "కార్లో తీసుకెళ్తానమ్మా" అంటే ఇంతెత్తున లేచింది.

"నలుగురు చెయ్యేస్తేగానీ కదలనిదాన్ని కారంటార్రా? పాడె అంటారు! ఆపరేషనుకెళ్తూ నేను దాన్నెక్కను. దానంతటది కదిలితే ఎక్కుతా. దార్లో ఎవరైనా తోశారో, అక్కడే దిగి ఇంటికొచ్చేస్తా."

"తోసినా ఆవిడకి కనపడదుగా నాన్నా" అని నేను నాన్న చెవిలో గొణిగాను.

"పోయింది కళ్ళురా, చెవులు కాదు" అంది మామ్మ అవతల గదిలోంచి.

రేపు ఆపరేషననగా నాన్న "చదువుకున్నవాడివి, నీకు తెలుస్తుంది" అంటూ బ్యాటరీ తెచ్చే పని నాకప్పగించాడు. కారు పేరు చెబితే షాపువాళ్ళే ఇస్తారు కదా అంటారేమో. ఆ మిల్లు ఆయన, బ్యాటరీ కూర్చునే ట్రే తుప్పుపట్టిపోతే ఇంకేదో బండిది తెచ్చి అతికించాడు. అందుకని నాన్న ట్రే మీద చెయ్యి చాచి కొలిచి "జానా నాలుగు వేళ్ళు, మర్చిపోకు" అన్నాడు. బస్సు గోదావరి బ్రిడ్జి దాటేంతసేపూ అదే జపం చేశాను.

రాజమండ్రి షాపు ఆయన ముందు నా డిగ్రీ సంగతి విన్నారు (వినక ఏం చేస్తారు), కాఫీ తెప్పించారు, ఆ తర్వాత రెండు బ్యాటరీలు బల్ల మీద పెట్టారు. "పెద్దది దిట్టంగా లాగుతుందండి. కానీ ట్రేలో పట్టకపోతే లాభం లేదండి. తమరెలా అంటే అలాగే." నేను రెంటినీ మార్చి మార్చి చూశాను. పెద్దది తీసుకెళ్ళి పట్టకపోతే మామ్మ చూపు పోయినట్టే. చిన్నది లాగలేకపోయినా అంతే. "ప్లస్సు ఎటుండాలండి, కుడివైపా, ఎడమవైపా?" అన్నారాయన. "మనకి కుడివైపా, కారుకి కుడివైపా అండి?" అన్నాను. చదువంటే ఇదీ అన్నట్టు చూశారాయన. ఇక ఆలస్యం చెయ్యకుండా చెయ్యి చాచి కొలిచాను. చిన్నది జానా నాలుగు వేళ్ళు, వెంట్రుకవాసి తేడా లేదు!

సాయంత్రం నాన్న దాన్ని ట్రేలో దించాడు. పెద్ద పందిరిమంచం మీద పసిపిల్లాణ్ణి పడుకోబెట్టినట్టుంది.

"జానా నాలుగు వేళ్ళన్నాను కదరా?"

"కొలిచాను నాన్నా."

"ఎవరి జాన?"

నాన్న చెయ్యి చాచాడు. పుట్టినప్పట్నుంచీ పార పట్టిన చెయ్యది. దాని పక్కన నా చెయ్యి పెట్టాను, పెన్ను పట్టింది. నా వేళ్ళ కొసలు నాన్న వేళ్ళ కణుపుల దగ్గరే ఆగిపోయాయి. మార్చుకొచ్చే టైము లేదు. తాళం తిప్పితే మాత్రం కారు బుర్రుమంది. ఇక బ్యాటరీ కదలకుండా ఆ సందులో ఏదోటి కూరాలి. చెక్క పెడితే పట్టలేదు, గోనెసంచి పెడితే నిలవలేదు. చివరికి నా యూరప్ చరిత్ర పుస్తకం అచ్చుగుద్దినట్టు సరిపోయింది. "మంచి పుస్తకంరా" అన్నాడు నాన్న.

పొద్దున్నే బయల్దేరాం. మామ్మ వెనకసీట్లో కళ్ళు మూసుకుని, చెవులు రిక్కించుకుని కూర్చుంది. బ్రిడ్జి సగం దాటామో లేదో ముందు లారీ ఆగింది, నాన్న బ్రేకేశాడు, మా ఇంజనూ ఆగింది. అదే సమయానికి బ్రిడ్జి కింది అంతస్తులో రైలొచ్చింది. బ్రిడ్జి మొత్తం గడగడా ఊగింది. నాన్న తాళం తిప్పాడు. టిక్కు లేదు, టక్కు లేదు. వెనక లారీల హారన్లు. కింద గోదారి.

"బాబూ, ఓ చెయ్యెయ్యమంటారా?" అన్నాడెవరో లారీ క్లీనరు.

"ఒద్దండి, ఒద్దు!" అని నేనూ నాన్నా ఒకేసారి అరిచాం. అప్పటికే మామ్మ చెయ్యి తలుపు మీదికెళ్ళింది.

దూకి బానెట్టెత్తాను. యూరప్ చరిత్ర కిందికి జారిపోయింది, బ్యాటరీ పక్కకి వాలింది, వైరు ఊడింది. వైరు మళ్ళీ తొడిగి బిగించి, పుస్తకాన్ని నా శక్తికొద్దీ లోపలికి గుద్ది, "తిప్పు నాన్నా!" అన్నాను. ఒక్క క్షణం ఏమీ లేదు. ఆ తర్వాత బుర్రుమంది. మామ్మ తలుపు మీంచి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఎవరూ తోయలేదుగా?"

"లేదు మామ్మా. చదువుతో నడిచింది."

కట్టు విప్పిన రోజు అందరికంటే ముందు నేనే ఎదురుగా కూర్చుని, డిగ్రీ గౌనేసుకుని తీయించుకున్న ఫోటో చేతికిచ్చాను. మామ్మ దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది. "ఈ నల్లబట్టలాయన ఎవర్రా?" అంది. ఆ తర్వాత ఫోటో పక్కన పెట్టేసి నా చెయ్యి లాక్కుని, వేళ్ళు విడదీసి తేరిపార చూసింది. "ఇంత చిన్న చెయ్యేసుకుని కొలవడానికెళ్ళావుట్రా, సన్నాసీ!"

యాసిడ్ పడి ఆ పుస్తకంలో ఫ్రెంచి విప్లవం దాకా పేజీలన్నీ పొడైపోయాయి. మామ్మ మాత్రం ఆ తర్వాత చాలా ఏళ్ళు సూదిలో దారం తనే ఎక్కించుకుంది. ఇప్పుడు బ్యాటరీ మార్చాలంటే నా కారు పేరు చెబితే చాలు, షాపువాళ్ళే చకచకా బిగించి పంపించేస్తారు. అయినా వాళ్ళు అటు తిరగ్గానే నా చెయ్యి దానంతటదే వెళ్ళి బ్యాటరీ మీద జాన చాస్తుంది. పక్కన నాలుగు వేళ్ళు పెడుతుంది. ఇంత వయసొచ్చినా నా జాన నాన్న జాన కంటే ఇంకా పొట్టిదే.