ఊరూ పేరూ లేని ఇంజను

మిరప కోతలకు మనుషులను ట్రాక్టరు ట్రక్కులో నిలబెట్టి తోలుకెళ్ళే ఆ కాలంలో, నందిగామ పక్కన మా పల్లెలో మా ముఠాకు మాత్రం జీపు ఉండేది. గొప్ప కోసం చెప్పటం లేదు. ఆ జీపు మమ్మల్ని మోసిన దానికంటే మేం దాన్ని తోసిందే ఎక్కువ. అయినా ఎవరైనా 'ఏ ముఠా మీది?' అని అడిగితే మా ఆడవాళ్ళు మేస్త్రి పేరు చెప్పేవాళ్ళు కాదు, 'జీపు ముఠా' అనేవాళ్ళు. ఆ పేరు లేని మేస్త్రిని నేనే. అప్పటికి నాకు ముప్పై దాటి ఎంతో కాలం కాలేదు. (అక్షరాలు పిల్లలు పుట్టాక నేర్చుకున్నదాన్ని. నా రాత పొలంగట్టులా వంకరగా పోతుంది. చదివేవాళ్ళు గట్టు మీద నడిచినట్టే చూసుకుని నడవాలి.)

జీపును కొన్నది మా ఆయన. జగ్గయ్యపేటలో ఎవరో వదిలించుకుంటున్న పాత పెట్రోలు బండి. పెట్రోలు పోసి కూలీలను తిప్పితే మా కూలంతా దాని నోటికే చాలదని నేను గోల పెడితే, ఒకనాడు దాన్ని లారీ వెనక కట్టించుకుని విజయవాడ పోయాడు. కొన్నాళ్ళకు డీజిలు వాసన కొడుతూ, గంగిరెద్దులా ఊగుతూ తిరిగొచ్చింది. "ఇది ఏ బండి ఇంజనయ్యా?" అని అడిగా. "నడిచేది" అన్నాడు. అంతే. మనిషే అంత. మాటకు కూలి ఇవ్వాల్సి వస్తుందన్నట్టు బతికాడు. మరుసటి ఏడు జ్వరం తగిలి, ఆసుపత్రి చేరేలోపే పోయాడు. ఇంజను పుట్టుపూర్వోత్తరాలు కూడా ఆయనతోనే పోయాయి. ఏడవటానికి తీరిక లేదు, కోతలు నెత్తి మీదున్నాయి. మరిది స్టీరింగు పట్టాడు, నేను ముఠా పట్టాను.

ఆ జీపుకు ఒక గుణం ఉండేది. ఎంత తొక్కినా ఒక వేగం దాటేది కాదు. హైవే మీద పాలవాళ్ళ మోపెడ్లు కూడా మమ్మల్ని దాటి, వెనక్కి తిరిగి చూసి మరీ పోయేవి. తిట్లన్నీ నా మరిదికే. మా ముఠాలో పెద్దమ్మ అని ఒకావిడ ఉండేది. అందరికీ పెద్దమ్మే, నోరు మాత్రం చిన్నది కాదు. "ఏరా అబ్బాయ్, దిగి నడిస్తే మేమే ముందు చేరతామేమో, దింపరాదూ?" అనేది. "తొక్కుతానే ఉన్నా పెద్దమ్మా! ఇంతకంటే తొక్కితే కాలు రోడ్డుకి తగులుద్ది" అని వాడు గొల్లుమనేవాడు. ఎవరూ నమ్మలేదు. నేను అసలే నమ్మలేదు.

ఆ ఏడు మా మెట్టలో వానల్లేక మిరప మాడిపోయింది. చెవిటికల్లులో కృష్ణ పక్కన చేలున్న ఒక ఆసామి మాత్రం తన కోతలన్నీ మాకే ఇస్తానన్నాడు. సీజనంతా పని. అది పోతే మా ఆడవాళ్ళకు వేసవి దాకా పొయ్యి వెలగటం కష్టం. "సోమవారం పొద్దున నేనొచ్చేసరికి మీ ముఠా చేలో ఉండాలి. లేదంటే కంచికచర్ల ముఠా ట్రాక్టరేసుకుని కాసుకుని ఉంది. కాయ నీకోసం ఆగదు, నాకోసం ఆగదు" అన్నాడు. అన్న రెండో రోజే, నందిగామ అడ్డరోడ్డు దగ్గర జీపు ముందు నుంచి ఆవిరి లేచింది. ఆయిలు చూసుకునే పుల్ల పైకి లాగితే, నల్లగా ఉండాల్సిన ఆయిలు పాలు కలిపిన టీలా ఉంది.

నందిగామ మెకానిక్కు మూత విప్పి చూశాడు. "హెడ్డు గాస్కెట్ కాలిపోయిందక్కా" అన్నాడు. ఇంజను పైమూతకూ కింది దిమ్మకూ మధ్య ఉండే రేకు అది. అది పోతే నీళ్ళు ఆయిల్లో కలుస్తాయి. పాతది పెచ్చులు పెచ్చులుగా ఊడొచ్చింది తప్ప చూపించటానికి ముక్క మిగల్లేదు. జీపు గాస్కెట్ తెప్పించి పెట్టాడు. బెజ్జాలు ఒకచోట, బోల్టులు ఒకచోట. "అయితే ట్రాక్టరుదై ఉంటది" అని ట్రాక్టరుది తెచ్చాడు. అదీ అంతే. ఇంజను మీద పేరు రేకు ఉండాల్సిన చోట రెండు బెజ్జాలు తప్ప ఏమీ లేదు. జగ్గయ్యపేట నుంచి ఇంకో మెకానిక్కు వచ్చి, దిమ్మను పుచ్చకాయను కొట్టినట్టు కొట్టి, "ఇది మిలట్రీ ఇంజను" అని తేల్చాడు.

"మిలట్రీదైతే చెప్పిన మాట వినాలిగా?" అంది పెద్దమ్మ.

శుక్రవారం మా పేట చర్చిలో ఉపవాస ప్రార్థన. పెద్దమ్మ లేచి, మా ఇంజను కోసం ప్రార్థన చెయ్యమని అయ్యగారిని అడిగింది. ఆయన కళ్ళు మూసుకోబోయి ఆగి, "ఏ ఇంజనమ్మా?" అన్నాడు. "మీరు కానివ్వండయ్యగారూ, పైనున్నాయనకు తెలుసులే" అంది. నవ్వకూడని చోట అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆయనకు తెలుసు సరే, మాకెవరు చెబుతారు?

ఆ ప్రార్థనలో కూర్చునే నేను ఒకటి ఆలోచించా. జాకెట్టు కుట్టించాలంటే మనిషిని తీసుకుపోయి టైలరు ముందు నిలబెట్టం గదా, ఆది జాకెట్టు ఇస్తాం. ఇంజనుకు కూడా ఆది ఇస్తే? మా ఆయన తెల్ల పంచె ఒకటి పెట్టెలో ఉంటే తీసుకెళ్ళి, విప్పిన దిమ్మ మీద పరిచి, మసి ఆయిలుతో రుద్దా. నాలుగు పెద్ద గుండ్రాలు, చుట్టూ బెజ్జాలు, చక్కగా అచ్చు పడ్డాయి. మెకానిక్కు కూడా "బాగుందక్కా" అన్నాడు. నేను పొంగిపోయి, ఇంటికి తెచ్చి, అరుగు మీద ఆరేసి, ఆసామికి కబురు చెప్పొద్దామని పోయా. తిరిగొచ్చేసరికి పంచె దండెం మీద మల్లెపూవులా తెల్లగా ఎగురుతోంది. కింద పెద్దమ్మ చేతులు తుడుచుకుంటోంది.

"పోయినోడి పంచె అట్టా మురిగ్గా పడేస్తావా అమ్మా? కుంకుడుకాయ పెట్టి మూడు బిందెల నీళ్ళు పోసి ఉతికా. చూడు ఎట్టా ఉందో" అంది.

తిడదామని నోరు తెరిచా. ఆ తెల్ల పంచె గాలికి మనిషి నడిచొస్తున్నట్టు కదిలింది. నోరు మూసుకుని లోపలికి పోయా. (ఆ రోజు ఏడ్చింది పంచెను చూసో, పోయిన అచ్చును చూసో, ఇప్పటికీ తేల్చుకోలేదు.)

మా మరిది ముక్త్యాల సిమెంటు బస్తాల కాగితం ఒకటి సంపాదించుకొచ్చాడు. బట్టలా సాగదు, ఎవరికీ ఉతకాలనిపించదు. మళ్ళీ అచ్చు తీశాం. శనివారం ఆ కాగితాన్ని చుట్ట చుట్టి, పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుని, మరిదిని వెంటబెట్టుకుని బస్సులో విజయవాడ పోయా. పక్క సీటావిడ "దేవుడి పటమా అమ్మా?" అని అడిగింది. కాదని ఎట్టా చెప్పను?

ఆటోనగర్లో దుకాణాలన్నీ "ఏ బండి, ఏ సంవత్సరం?" అని అడిగి పంపించేశాయి. చివరికి ఒక ముసలి షావుకారు మాత్రం ఏమీ అడక్కుండా కాగితాన్ని నేల మీద పరిచి, గోడకు వేలాడే గాస్కెట్లు ఒక్కొక్కటే దించి దాని మీద పెట్టటం మొదలుపెట్టాడు. ఒక దగ్గర ఆగాడు. అన్ని బెజ్జాలూ ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి.

"ఇది రోడ్డు మీద తిరిగే ఇంజను కాదమ్మా. జనరేటరుది" అన్నాడు. "కరెంటు పోతే సినిమా హాళ్ళలో తిప్పుతారే, అది. ఒకచోట కూర్చుని ఒకే వేగంతో తిరగటం దాని పని. మీ బండి ఎంత తొక్కినా ఒక వేగం దాటదు, అవునా?"

నా మరిది అక్కడే, ఆ దుకాణంలోనే చేతులెత్తి దణ్ణం పెట్టాడు. "వదినా, విన్నావా? నువ్వు విన్నావా? ఇది మా పెద్దమ్మకు చెప్పటానికి మీరు ఒకసారి మా ఊరు రావాలండి" అని షావుకారు చెయ్యి పట్టుకున్నాడు.

షావుకారు చెయ్యి విడిపించుకుని అసలు సంగతి చెప్పాడు. జనరేటరుకు పెద్ద రేడియేటరు ఉంటుంది. మా ఆయన ఇంజను మార్పించినా జీపు చిన్న రేడియేటరే ఉండిపోయింది. అందుకే ఇంజను కాగిపోయి గాస్కెట్ మాడింది. కొత్తది వేసినా ఇంతే. పెద్ద రేడియేటరు వెయ్యాలి, రోజూ నీళ్ళు చూసుకోవాలి, ఒకసారి వేడెక్కి చల్లారాక మూత బోల్టులు మళ్ళీ బిగించాలి. వేగం సంగతి అంటారా, డీజిలు పంపుకు సీసం సీలేసిన ఒక మర ఉంటుంది, పంపులు బాగుచేసే చోట దాన్ని కాస్త సడలిస్తే జీపు పరిగెడుతుంది. "కానీ పరిగెత్తే కొద్దీ కాగుతుంది. మీ ఇష్టం" అన్నాడు.

దారంతా మరిది ఆ మర గురించే. "ఒక్కసారి వదినా. ఆ పాలోళ్ళను ఒక్కసారి దాటాలి." నాకూ ఆశ లేకపోలేదు. సోమవారం ఆ ట్రాక్టరు కంటే ముందు చేరాలి గదా. కానీ మూత విప్పిన ఇంజను కళ్ళ ముందే ఉంది. వెనక ఇరుకు బల్లల మీద ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చునే మా ఆడవాళ్ళూ ఉన్నారు. మా ఆయన ఆ సీలు తెలిసే ముట్టుకోలేదో, తెలియక వదిలేశాడో, ఇక అడగటానికి వీల్లేదు. ఆయన నోటి నుంచి రాని జవాబును నేనే చెప్పుకోవాల్సి వచ్చింది.

"ముట్టొద్దు" అన్నా. "గంట ముందు లేద్దాం."

వాడు నందిగామ దాకా మంగళగిరి కొండంత ముఖం పెట్టుకుని కూర్చున్నాడు. ఆదివారమంతా మెకానిక్కుతో కూర్చుని గాస్కెట్ వేయించాం. పాత సామాన్ల కొట్టులో దొరికిన పెద్ద రేడియేటరు పట్టక, జీపు ముందు రేకు కోసి బయటికి పెట్టించాం. పళ్ళు ఎత్తుగా ఉన్న పెళ్ళికొడుకులా తయారైంది. సాయంత్రం ఊరి చుట్టూ తిప్పి వేడెక్కించి, చల్లారాక బోల్టులు మళ్ళీ బిగించాం. ఆయిలు పుల్ల తీసి చూస్తే, కాటుకలా నల్లగా ఉంది. అంత అందమైన నలుపు నేను మళ్ళీ చూడలేదు.

సోమవారం వేగుచుక్క ఉండగానే బయలుదేరాం. నిద్రకళ్ళతో ఎక్కిన ఆడవాళ్ళు, "దీనికి పెద్ద ముక్కు పెట్టించి కూడా నడక మారలేదేందే?" అని గొణిగారు. అదే వేగం, అదే ఊగుడు. ట్రాక్టరు ఏ నిమిషాన వెనక నుంచి వచ్చి దాటుతుందోనని నేను దారి పొడుగునా మెడ తిప్పి చూస్తూనే ఉన్నా. కంచికచర్ల దాటాం. ఎవరూ దాటలేదు. వాళ్ళింకా పళ్ళు తోముకుంటున్నారని తరవాత తెలిసింది.

ఆసామి మోటారు సైకిలు మీద చేలోకి వచ్చేసరికి తూరుపు అప్పుడే ఎర్రబడుతోంది. మేమంతా గట్టు మీద వరసగా కూర్చుని, తెచ్చుకున్న అన్నం తింటున్నాం. ఆయన బండి ఆపి, మమ్మల్నీ జీపునూ మార్చి మార్చి చూసి, "రాత్రే వచ్చి పడుకున్నారా ఏందే?" అన్నాడు. "లేదండి, ఇప్పుడే. కొత్త ఇంజనండి, గాలిలా తెచ్చింది" అంది పెద్దమ్మ. ఆ మాటకు నా మరిదికి పొలమారి, పక్కనున్నవాళ్ళు నెత్తి మీద కొట్టాల్సొచ్చింది. ఆయన నవ్వి, చేలోకి చెయ్యి చూపించాడు. ఆ సీజనంతా ఆ చేను మాదే.

ఆ పొద్దున గట్టు మీద నేను ఎట్టా కూర్చున్నానో నాకు బాగా గుర్తుంది. చీర కొంగు నడుముకు దోపి, వీపు నిటారుగా, ఒళ్ళో మెకానిక్కు ఇచ్చిన స్పానరు పెట్టుకుని, ఇంజన్లన్నీ నేనే పుట్టించినట్టు. అది ఏ బోల్టుకు పడుతుందో కూడా నాకు తెలియదు. ఇప్పుడు మోకాళ్ళు పట్టేసి గట్టు ఎక్కలేను, నా వీపే నా మాట వినదు. అప్పుడప్పుడు గట్టు మీది ఆ మనిషి గుర్తొస్తుంది. భయాన్నంతా ఆ ఇనపముక్క కింద నొక్కిపట్టి, సూర్యుడు కాస్త ఆలస్యంగా వచ్చాడని ముఖం చిట్లించి చూస్తుంటుంది. ఆవిడ పక్కన కాసేపు కూర్చోవాలనిపిస్తుంది.