అత్తయ్య పంచిపెట్టిన పట్టు స్కార్ఫులు

“వదినా, అమ్మ వెళ్లిపోయింది” అన్నాడు అత్తయ్య కొడుకు, పొద్దున్నే ఫోన్ చేసి. వాడు ఇక్కడే న్యూజెర్సీలో పుట్టి పెరిగినవాడు. “ఇంకా ఏదో చెప్పాలి కదా. తెలుగులో ఏం చెప్తారో నాకు రావట్లేదు” అన్నాడు. తెలుగులోనూ ఇంకేం లేదురా, అంతే, అన్నాను.

మధ్యాహ్నానికి ఇక్కడి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో వార్త పెట్టారు. “ప్రముఖ వైద్యులు, కీర్తిశేషులు ఫలానా డాక్టరుగారి సతీమణి...” అని మొదలుపెట్టారు. కింద చేతులు జోడించిన బొమ్మలు బారులు తీరాయి. నాకు ఒళ్లు మండిపోయింది. మావయ్య మంచివాడే, ఆయన మీద నాకేం కోపం లేదు. కానీ మాన్‌హాటన్ అద్దాల షాపుల్లో అమ్మే పట్టు స్కార్ఫుల మీద ఏళ్ల తరబడి బొమ్మలు గీసిన మనిషి పోతే, ఆవిడెవరో చెప్పడానికి ఇంకొకరి ఉద్యోగం కావలసివచ్చిందా? నేనూ ఇక్కడ ఆవిడ పేరు రాయడం లేదు. నా కారణం వేరు. ఆవిడ మా నాన్న చెల్లెలు, నా మేనత్త. పేరు పెట్టి పిలిచిన అలవాటు లేదు. ఇప్పుడు కొత్తగా మొదలుపెడితే ఎవరి గురించో రాస్తున్నట్టు ఉంటుంది.

గుంటూరు దగ్గరి పల్లెలో, మిరప కల్లాల్లో కూలికి వెళ్లిన తల్లి కూతురు అత్తయ్య. హైదరాబాదులో బొమ్మలు గీయడం చదువుకుంది. స్కాలర్‌షిప్పుల మీద డాక్టరైన మావయ్యని పెళ్లి చేసుకుని, డెబ్భైల్లో ఈ దేశం వచ్చింది. కొడుకు బడికి వెళ్లడం మొదలుపెట్టాక, ఖరీదైన స్కార్ఫులు అచ్చువేసే ఒక కంపెనీకి డిజైన్లు పంపింది. వాళ్లు ఇంకా పంపమన్నారు. ఇక ఆ ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద ఎవరూ అన్నం తినలేదు. దానిమీద ఎప్పుడూ పెద్ద కాగితం పరిచి ఉండేది, చుట్టూ రంగు గిన్నెలు. మేం వంటింట్లో నిలబడి తినేవాళ్లం.

స్కార్ఫు గోడకి తగిలించే బొమ్మ కాదని ఆవిడ ఎప్పుడూ చెప్పేది. “పరిస్తే ఒక బొమ్మ, మడిస్తే ఇంకొకటి, మెడకి కడితే మరొకటి. అన్నీ బాగుండాలి కదటే మరి.” అందుకని డిజైన్ సగంలో ఉండగానే, దాన్ని ఒక పాత నూలు గుడ్డ మీద గబగబా దించి, కట్టి చూసుకునేది. కట్టడానికి మెడ కావాలి. మావయ్య హాస్పిటల్ నుంచి వచ్చి చెప్పులు విప్పకముందే, “ఏమండీ, ఒకసారి మెడ ఇటివ్వండి” అనేది. ఆయన కుర్చీలో కూలబడి, “పెళ్లిలో ఒక్కసారి నేను కట్టాను. అప్పట్నుంచీ రోజూ నువ్వే కడుతున్నావు” అనేవాడు. ముడి ఎక్కడ పడుతుంది, ఏ మూల బయటికొస్తుంది, ఏది మడతలోకి పోతుంది, అన్నీ ఆయన మెడ మీదే చూసుకునేది. “మూలలు ఊళ్లోవాళ్లకి. మధ్యలో ఉన్నది కట్టుకున్నవాళ్లకి” అనేది.

ఒక్క స్కార్ఫు మీదా ఆవిడ పేరు లేదు. పెట్టె మీద కంపెనీ పేరు బంగారు అక్షరాల్లో మెరుస్తూ ఉంటుంది. దీనిమీద నేను ఆవిడతో పోట్లాడినన్ని సార్లు ఇంకెవరితోనూ పోట్లాడలేదు. వ్యాసాలు రాసి తగువులు పెట్టుకోవడం నా వృత్తి కాబట్టి, నేను వెళ్లగానే “ఏమే, ఇవాళ ఎవరి మీద పడ్డావు?” అని అడిగేది.

“నీ కంపెనీ మీదే. సంతకం పెట్టనివ్వరా? ఇది దోపిడీ కాదూ?”

“దోపిడీయేలే. ఆ ఆకుపచ్చ గిన్నె ఇటు జరుపు.”

అచ్చయ్యాక కంపెనీవాళ్లు ఒకటో రెండో స్కార్ఫులు శాంపిల్‌గా పంపేవాళ్లు, పెట్టె లేకుండా, పల్చటి కాగితంలో చుట్టి. అత్తయ్య కట్టేది చీర. స్కార్ఫు ఏం చేసుకుంటుంది? శ్రావణ మాసంలో ఒక శుక్రవారం ఆడవాళ్లందర్నీ పేరంటానికి పిలిచి, తాంబూలంలో జాకెట్ ముక్క బదులు అది పెట్టి ఇచ్చేసేది. స్కార్ఫు తొంభై సెంటీమీటర్ల చదరం. కుట్టించుకుంటే సరిగ్గా జాకెట్‌కి సరిపోతుంది. నచ్చినవాళ్లకి ఇచ్చేది. ఏమిచ్చిందో మాత్రం చెప్పేది కాదు.

నాకు తెలిసిన రోజున మతిపోయింది. “అత్తయ్యా, షాపులో దాని ధర తెలుసా? లైబ్రరీలో గోడకి పెడదాం అంటే వినవు. పెట్టె కోసం క్యూలో నిలబడతారు ఈ డాక్టర్ల భార్యలు. నువ్విచ్చినది మాత్రం తీసుకెళ్లి ఇంకో పేరంటంలో ఇంకొకరికి తోసేస్తారు!”

“చెబితే దాచుకుంటారే. చెప్పకపోతే కుట్టించుకుంటారు.”

నాకు వ్రతాలు పడవు. పేరంటాలంటే మరీను. కుంకుమ ఎవరికి పెట్టాలో, ఎవరిని దాటెయ్యాలో లెక్కలు కట్టే ఆ మర్యాద చూస్తే ఇప్పటికీ నా రక్తం ఉడుకుతుంది. అమెరికా వచ్చారు, పెద్ద పెద్ద ఇళ్లు కొన్నారు, ఆ లెక్క మాత్రం సూట్‌కేసులో భద్రంగా మోసుకొచ్చారు. మావయ్య పోయాక అత్తయ్యనీ దాటేశారు. ఆవిడ ఇంటికి తాంబూలాలు రావడం ఆగిపోయింది. ఆవిడ ఇవ్వడం మాత్రం ఆపలేదు. పైగా అప్పట్నుంచీ ఇంకో పని మొదలుపెట్టింది. గదిలో వెనగ్గా, ఎవరూ కుంకుమ పెట్టకుండా వదిలేసిన మనిషి ఎవరున్నారో చూసి, మొదట వాళ్ల దగ్గరికి వెళ్లేది. “నాకు వ్రతం సరిగ్గా రాదమ్మా. పంచిపెట్టడం ఒక్కటే వచ్చు” అనేది. ఎదురు చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. నేనైతే ఓ ఉపన్యాసం దంచేదాన్ని, సగంమంది లేచి వెళ్లిపోయేవాళ్లు.

ఆవిడ గీసినవాటిలో మిరప కల్లం ఒకటి. నేల కనపడకుండా ఎర్రగా ఆరబోసిన కాయలు. ఒక మూల ఏరి పారేసిన తెల్లటి తాలుకాయల కుప్ప, ఇంకో మూల బస్తాలు. మధ్యలో తొడిమలు తీసే ఆడకూలీలు. పైనుంచి చూస్తే ఎలా ఉంటారో అలా గీసింది. చిన్నప్పుడు ఆవిడ బస్తాల గుట్ట ఎక్కి కూర్చుని చూసిందట. నెత్తిన తెల్ల గుడ్డలు, ముక్కులకి కట్టిన గుడ్డలు, వంగిన వీపులు. అందరిలోకీ ఒక్క మనిషి మాత్రం ముక్కు మీది గుడ్డ కిందికి లాగి తలెత్తి చూస్తోంది. అది మా నాయనమ్మ. “దిగవే కిందికి, పడతావు” అని అరుస్తోంది. నాయనమ్మకి ఒక్క ఫోటో లేదు. నేను పుట్టేసరికే ఆవిడ పోయింది. ఆ ముఖం ఎలా ఉండేదో నాకు తెలిసింది ఆ కాగితం మీదే.

కంపెనీవాళ్లు దానికి ‘ఎర్ర తోట’ అని అర్థం వచ్చే ఫ్రెంచి పేరు పెట్టారు.

“తోటా?” అని ఎగిరాను. “వాళ్లు కూలీలు! పూలు కోస్తున్నారనుకుంటున్నారా వీళ్లు? నువ్వెలా ఊరుకున్నావు?”

అత్తయ్య కుంచె కడుక్కుంటూ, “పైనుంచి చూస్తే పూలల్లేనే ఉంటారే” అంది.

“ఛ, ఆ మాట నువ్వంటున్నావా?”

“నేను కాక ఎవరంటారు? పైకెక్కి చూసింది నేను. ఆ ఘాటుకి కళ్లు వాచేలా ఏడ్చింది నేను. కోపం నీది, సరే పడు. కల్లం మాత్రం నాదే.”

 

పోయిన చలికాలం డాక్టర్లు ఇక ఇంటికి తీసుకెళ్లమన్నారు. కొడుకు తన ఇంట్లోనే కిటికీ పక్కన మంచం వేయించాడు. ఒకరోజు నేను కాళ్లు పడుతుంటే, “ఆ కల్లం ఒకసారి చూడాలనుందే” అంది. “ఏ కల్లం?” “మా అమ్మ ఉన్నదే.” ఆవిడ తనకోసం ఏదైనా కావాలని నన్ను అడగడం అదే మొదటిసారి.

అసలు కాగితం కంపెనీది. ఈమెయిలు రాశాను, మర్యాదగానే రాశాను. పాత డిజైన్లు బయటివాళ్లకి చూపించబోమని జవాబొచ్చింది. అది కొద్దిగానే అచ్చయిందట, వాడిన స్కార్ఫులు అమ్మే వెబ్‌సైట్లలోనూ దొరకలేదు. అత్తయ్య దగ్గర ఉన్న ఒక్కటీ ఎప్పుడో ఎవరికో తాంబూలంలో వెళ్లిపోయింది. ఎవరికని అడిగితే, “ఇచ్చాక నాకెందుకే గుర్తు?” అంది.

చివరికి ఆ వాట్సాప్ గ్రూపులోనే పెట్టాను, ఎర్ర రంగు, మిరపకాయలు, తెల్ల గుడ్డలు కట్టుకున్న ఆడవాళ్లు, ఎవరి దగ్గరైనా ఉందా అని. “ప్యూర్ సిల్కేనాండీ అది?” అని ఒకావిడ. “మా దగ్గర నెమళ్లది ఉంది, దేవుడి పటాల కింద వేశాం” అని ఇంకొకావిడ, ఫోటో కూడా పెట్టి. ఎవరో ఆ నెమళ్ల ఫోటోని గూగుల్‌లో వెతికి కంపెనీ పేరు, ధర పెట్టారు. ఇక చూడాలి హడావిడి. “అయ్యో! ఇన్నాళ్లూ దాంట్లో స్వీట్స్ డబ్బా మూటకట్టాం!” “ఆంటీ ఒక్క మాటైనా చెప్పలేదే!” అందరి డ్రాయర్లూ తెరుచుకున్నాయి. చేపలు వచ్చాయి, గాలిపటాలు వచ్చాయి. కల్లం రాలేదు. ఆ ఫోటోలన్నీ అత్తయ్యకి చూపించాను. “బావున్నాయి కదటే” అని, కళ్లు మూసుకుంది. రోజురోజుకీ మాట తగ్గుతోంది.

అప్పుడు నా ఫోన్‌కి ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. “అక్కా, నమస్తే. నేను టెక్సాస్‌ల ఫ్రిస్కో నుంచి మాట్లాడుతున్న. ఇదివరకు మీ న్యూజెర్సీలనే, ఐసెలిన్‌ల ఉంటుంటిమి. మీరు అడిగిన గుడ్డ నా దగ్గరున్నది. కానీ అది గుడ్డ లెక్క లేదక్కా. జాకెట్ కుట్టించుకున్న. ఆంటీకి కోపమొస్తదేమో...”

సాఫ్ట్‌వేర్‌లో పనిచేసే అమ్మాయి. భర్త కారు ప్రమాదంలో పోయిన ఏడాది, పక్కింటివాళ్లు బలవంతం చేస్తే అత్తయ్య పేరంటానికి వచ్చి తలుపు పక్కన కూర్చుందట. మొదటి తాంబూలం తనకే ఇచ్చారట. శనివారం ఫ్లైట్‌లో వచ్చేసింది. బయట మోకాలి లోతు మంచు. బ్యాగులోంచి జాకెట్ తీసి ఇవ్వబోతే అత్తయ్య చెయ్యి అడ్డంపెట్టింది. “చేతికివ్వకు. వేసుకునిరా.”

అత్తయ్య చీరే ఒకటి, తెల్లటి నూలుది కట్టుకుని ఆ అమ్మాయి మంచం ముందుకొచ్చింది. కుడి చేతి మీద బస్తాలు, ఎడమ చేతి మీద తాలుకాయల కుప్ప. ముందు భాగమంతా ఎర్రటి కాయలు. అత్తయ్య కళ్లు మెల్లగా కదులుతున్నాయి. ఒక చెయ్యి చూసింది, రెండో చెయ్యి చూసింది.

“మా అమ్మేదీ?”

కత్తెరలో పోయి ఉంటుంది, తునకల్లో ఊడ్చేసి ఉంటారు అనుకున్నాను.

“తలెత్తి చూస్తది, ఆమెనా?” అంది ఆ అమ్మాయి. “వెనకాల ఉన్నదాంటీ. ఐసెలిన్‌ల కుట్టిన గుజరాతీ ఆంటీ అడిగింది, నెక్ డీప్ పెడితే ఈమె మొహం పోతది, ఏం చెయ్యాలె అని. అందరు డీపే పెట్టుకుంటున్నరు కదా. నేను వద్దన్న. మెడ దాకా మూసి కుట్టమన్న.”

వెనక్కి తిరిగి, జుట్టంతా ముందుకు తీసుకుంది. వీపు మధ్యలో నాయనమ్మ. అత్తయ్య వేలు చాచింది. అందలేదు. ఆ అమ్మాయి అలాగే మంచం అంచున వెనక్కి కూర్చుంది. వేలు ముఖం మీద ఆగింది. చాలాసేపు తీయలేదు.

“ఎక్కడెక్కడికి వేసుకెళ్లావమ్మా?”

“మా చెల్లె పెండ్లికి ఆంటీ. నన్ను ముందుకు రావద్దన్నరు. ఇది ఏసుకొని పోయి ముందల నిలబడ్డ. తర్వాత బాబు బర్త్‌డేకి. ఆఫీస్‌ల ప్రమోషన్ వచ్చిన రోజు...”

అత్తయ్య నా వైపు చూసింది. “లైబ్రరీలో గోడకి పెడదామన్నావు కదటే” అంది.

జాకెట్ ఇక్కడే ఉంచెయ్యనా అని ఆ అమ్మాయి అడిగింది. ఉంచమంటుందేమోనని ఆశపడ్డాను. ఆ ముఖం నాక్కావాలి, ఈ మాట రాస్తున్నప్పుడూ కావాలి. అత్తయ్య తల అడ్డంగా ఊపింది. “ఇచ్చింది వెనక్కి తీసుకోనమ్మా. కోటు మాత్రం కారు దాకా వేసుకోకు. చూస్తాను.”

మంచం తలవైపు ఎత్తి, అత్తయ్యని కిటికీ వైపు తిప్పాను. ఆ అమ్మాయి కోటు చేత్తో పట్టుకుని, జుట్టు ముందుకి వేసుకుని, పైట చెంగు భుజం మీదుగా ముందుకి లాక్కుని, తెల్లటి మంచులో చాలా మెల్లగా నడుస్తోంది. వీధంతా తెలుపు. అందులో ఎర్రగా ఒక్క కల్లం. ఆ అమ్మాయి మాకు దూరంగా వెళ్లిపోతోంది. వీపు మీది నాయనమ్మ మాత్రం తలెత్తి, కారు తలుపు పడేదాకా, మా కిటికీ వైపే చూస్తూ ఉంది.